ఏడు గంటల లోడు

జగదీశ్వర్ చదువు పదో తరగతి దగ్గరే ఆగింది. తండ్రి రైల్వే నౌకరీ మీద నిజామాబాద్ నుంచి నాందేడ్ వచ్చి స్థిరపడితే, కొడుకు పాత మోటార్లు విప్పి, చేతులు కాల్చుకొని, మళ్ళీ చుట్టి కరెంటు పని నేర్చుకున్నాడు. ఇప్పుడు యాభై రెండేళ్ళ వయసులో, స్టేషన్ వెనక గల్లీలో రేకుల షెడ్డు వేసి పద్నాలుగు ఈ-రిక్షాలకు చార్జింగు పెడుతున్నాడు.

రిక్షాలన్నీ సాయంత్రం ఏడింటికే వచ్చి ప్లగ్గులకు తగులుకునేవి. గల్లీలో కూలర్లు, టీవీలు, మిక్సీలు నడిచేదీ అప్పుడే. ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు ఎగిరిపోయేది. ఒకే నెలలో ఐదోసారి ఎగిరిననాడు కరెంటాఫీసు ఇంజనీరు గజానన్ వచ్చాడు.

"ఏడింటికి ఐదు చార్జర్లకంటె ఎక్కువ నడవొద్దు జగదీశ్ సేఠ్. ఎనిమిది రోజులు చూస్త. గల్లీ చీకటైతె నీ కనెక్షన్ తీస్త."

ఐదేసి చొప్పున పెడితే చివరి రిక్షాలు పొద్దున రైలు వేళకు నిండవు. కనెక్షనే పోతే షెడ్డుతో పాటు పద్నాలుగు ఇళ్ళ బతుకు ఆగుతుంది. జగదీశ్వర్ కరెంటు కొలిచే క్లాంప్ మీటరు తీసి రెండు రోజులు గంటగంటకూ లైను మీది లోడు కొలిచి, షెడ్డు గోడ మీద బొగ్గుతో లోడుకు తగ్గ ఎత్తున గీతలు గీశాడు. ఏడింటి గీత తలుపు ఎత్తు దాటింది. మధ్యాహ్నం గీత మోకాలెత్తే. ఆ ఎండలో ఎక్కేవాళ్ళు ఉండరు, రిక్షావాళ్ళు వంతెన కింద కునుకు తీస్తుంటారు. సగం అప్పుడే నింపితే సాయంత్రానికి మిగిలేది సగమే.

మూడోనాడు మధ్యాహ్నం గీత పక్కన ‘చార్జింగు ఒంటిగంటకు’ అని రాసి, రిక్షావాళ్ళందరినీ పిలిచి గోడ చూపించాడు. దిగంబర్ తల అడ్డంగా ఊపాడు. మర్ఖేల్ ఊళ్ళో ముప్పై ఏళ్ళు ఎడ్లతో సేద్యం చేసి ఆ తర్వాత రిక్షా ఎక్కిన మనిషి. మిగతావాళ్ళు ఆయన మాటే వింటారు.

"పొద్దంత గుంజినంకనే మేత ఎయ్యాలె తమ్మీ. నడుమల పెడితె బ్యాటరీ కడుపు చెడుతది."

"కాకా, మధ్యాహ్నం నాగలి ఇడిసి ఎడ్లకు నీళ్ళు పెడుతుంటివా లేదా?"

"పెడుతుంటి."

"గిది గంతే."

రిక్షా నడిపేవాళ్ళలో ఒకే ఒక ఆడమనిషి సుందరబాయి. "బ్యాటరీకి తోక ఏ దిక్కున్నదో సూపెట్టు జగదీశ్ భావు, అప్పుడు నమ్ముతడు కాకా" అంది.

దిగంబర్ నవ్వలేదు. ఇందాకే తెచ్చి నిలిపిన తన రిక్షా బ్యాటరీ మీద చెయ్యి పెట్టి చూశాడు. "ఒళ్ళు కాలుతున్నది. రొప్పుతున్న ఎద్దుకు ఎవడన్న నీళ్ళు పెడ్తడా? అరగంట నీడకు నిలబెట్టు. మొదలు సల్లవడనియ్యి."

వేడి మీద కరెంటు పెడితే బ్యాటరీ పాడవుతుందని జగదీశ్వర్‌కు తెలుసు. గీతల ధ్యాసలో పడి మరిచాడు. గోడ మీద ఒంటిగంట చెరిపి ఒంటిగంటన్నర రాశాడు.

మర్నాడు మధ్యాహ్నం ముందుగా వచ్చి నీడన నిలిచింది దిగంబర్ రిక్షాయే. దాని వెనక మిగతావి. సాయంత్రం జగదీశ్వర్ ఐదే తగిలించి, ఒకటి నిండితే తీసి ఇంకొకటి పెట్టాడు.

ఎనిమిదోనాడు ఏడింటికి గజానన్ వచ్చి స్తంభం దగ్గర రెండుసార్లు లోడు కొలిచాడు. గల్లీలో ఒక్క దీపం మసకబారలేదు. మీటరు సంచీలో పెట్టుకొని గోడ మీది గీతలు, వేళలు ఒక్కొక్కటే చదివాడు.

"ఏ ఇంజనీరును అడిగినవు?"

"మర్ఖేల్ ఎడ్లను."

గజానన్‌కు అర్థం కాలేదు గానీ ఫోను తీశాడు. "ఫోటో తీసుకుంట. భోకర్ రోడ్డు షెడ్డోళ్ళకు చూపియ్యాలె. నీ కనెక్షన్ తియ్యను."

వెనక నుంచి దిగంబర్ వంగి ఫోనులోకి చూశాడు.

"ఒంటిగంటన్నర సాఫ్‌గ పడాలె సాబ్. గా అరగంట నాది."