మీ అక్కకు జెప్పు

ఆ రోజుల్లో లోకం పుస్తకాల్లో ఉన్నట్టు లేకపోతే తప్పు లోకానిదేననీ, దాన్ని దిద్దే బాధ్యత నా మీద ఉందనీ నమ్మేవాణ్ణి. డిగ్రీ మధ్యలో వదిలేసి, మేడ్చల్‌లో ఒక మందుల గోదాంలో అట్టపెట్టెలు కడుతూ, గౌడవెల్లిలో అక్కాబావల ఇంట్లో ఉండేవాణ్ణి. డ్యూటీ దిగగానే లైబ్రరీకి పరుగు. అక్కడ ఒకరోజు, ఆలుమగలు ఎలా మాట్లాడుకోవాలో, తగువులు ఎలా తీర్చుకోవాలో చెప్పే లావుపాటి పుస్తకం దొరికింది. "పెండ్లే కాలే, నీకెందుకు బిడ్డా గిది?" అన్నాడు లైబ్రరీ పెద్దాయన. "పరిశోధన సార్" అన్నాను. (ఆ మాట అన్నందుకే రెండు రోజులు నా నడక మారింది.)

పరిశోధనకు జంట ఇంట్లోనే ఉంది. తగువైతే అక్కాబావలు నేరుగా మాట్లాడుకోరు, నా ద్వారా మాట్లాడుకుంటారు. ఒకే గదిలో మూరెడు దూరంలో కూర్చున్నా సరే. "తమ్మీ, మీ బావకు జెప్పు, అన్నం పెట్టిన." "బామ్మర్దీ, మీ అక్కకు జెప్పు, ఆకలి లేదు." "ఆకలి లేనోడు గిన్నె దిక్కు ఎందుకు జూస్తుండో అడుగు." నేను నోరు తెరిచేలోపే జవాబు వచ్చేసేది. అయినా నేను లేనిదే సాగేది కాదు. మర్నాటికి ఎవరో ఒకరికి నవ్వొచ్చేది, తగువు తీరేది. నేను మాత్రం నోట్‌బుక్‌లో ఎర్రసిరాతో రాసుకున్నాను: "మధ్యవర్తి ద్వారా సంభాషణ. తీవ్ర లోపం."

ఒక ఎండాకాలం, నల్లా వచ్చిన పొద్దున బావ డ్రమ్ము నింపకుండా పడుకున్నాడు. అక్క "తమ్మీ, మీ బావకు..." అనగానే నోట్‌బుక్ మూసేశాను. "నేను జెప్ప. ఇద్దరు ఎదురుంగ కూసొని మాట్లాడుకోన్రి. పుస్తకంల గట్లనే ఉన్నది." ఇద్దరూ కొత్తవాళ్ళలా ఒకరినొకరు చూసుకున్నారు. పదకొండేళ్ళ కాపురంలో తగువైనప్పుడు ఆ పని ఎన్నడూ చేయలేదు మరి. "ప్రొఫెసర్ సాబ్‌కు కోపమొచ్చింది" అన్నాడు బావ గోడతో. అంతే, ఇల్లు మూగబోయింది. నేను సంతోషంగా "మూడు రోజులుగా తగువు లేదు" అని రాసుకున్నాను.

నాలుగో రోజు పొద్దున బావ బైకు తుడుస్తూ, వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "బామ్మర్దీ, రాత్రి పచ్చిపులుసు మస్తుగున్నదని మీ అక్కకు జెప్పురా."

"నువ్వే జెప్పు బావా."

"గీ ఒక్కసారికి జెప్పరాదు."

నేను తల అడ్డంగా ఊపాను. "సరే తియ్, పొద్దుమీకి ఇంటికొచ్చినంక నేనే జెప్త" అని నవ్వి బైకు ఎక్కాడు. మధ్యాహ్నం బావ పనిచేసే ఫ్యాక్టరీ నుంచి ఫోనొచ్చింది. మిషన్ దగ్గర నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడట. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే అయిపోయింది. సాయంత్రం అతని బైకును ఇంకెవరో తోలుకొచ్చారు.

ఆ పచ్చిపులుసు మాట అక్కకు చెప్పడానికి నాకు ఏడాది పట్టింది. చెప్పినప్పుడు ఆమె చింతపండు పిసుకుతోంది. చేయి ఆగింది. "కోపంతోనే పోయిండనుకున్న తమ్మీ. ఏడాదిసంది గదే అనుకుంటున్న." నన్ను తిడుతుందని కాచుకుని ఉన్నాను. తిట్టలేదు. మళ్ళీ చింతపండులో చేయి పెట్టి, నా వైపు చూడకుండానే అంది: "మీ బావకు జెప్పు. డ్రమ్ము నేనే నింపుకున్న, నాకు గూడ కోపం లేదని."

లేచి వాకిట్లోకి వెళ్ళాను. గుడ్డ కప్పి ఉన్న బైకు ముందు నిలబడి, అక్క అన్న మాట పొల్లుపోకుండా చెప్పాను. పుస్తకం ఏమంటుందో ఆలోచించలేదు.

ఇప్పుడు మా ఇంట్లో ఆ ఉద్యోగం ఏడేళ్ళ నా కూతురిది. మా ఆవిడకూ నాకూ మధ్య రోజుకు పది మాటలు మోస్తుంది. దానికి లైబ్రరీ నుంచి ఎన్నో పుస్తకాలు తెచ్చిస్తుంటాను. ఆ లావుపాటిది మాత్రం ఇంతవరకు తేలేదు.