తలకు తుడుచుకున్న సిరా

మన ఈడు వాళ్లకు స్టాంపు ప్యాడ్ వాసన గుర్తుందా? మా ఇంట్లో గూట్లో, దీపం పక్కన ఒకటుండేది. చదువు రాని అమ్మ నా ప్రోగ్రెస్ కార్డు మీద వేలిముద్ర వేసి, ఆ సిరా తలకు తుడుచుకుని, "ఎట్ల చదివినవ్ రా?" అనేది. ఫెయిలైన మార్కుల కింది ఎర్ర గీతలు చేత్తో కప్పి "ఫస్టొచ్చిన" అనేవాణ్ణి. పోయేదాకా నమ్మింది.

ఆ పాపం కడుక్కుందామనే చంపాపేట్‌లో ఆదివారాలు పెద్దవాళ్లకు ఇంగ్లిష్ నేర్పుతున్నాను. ఆర్నెల్లు సంతకం దిద్దిన యాదమ్మ ఇవాళ, చివరి క్లాసులో, రిజిస్టర్‌లో మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయింది. పెన్ను పక్కన పెట్టేసి వేలిముద్ర వేసింది. సిరా తలకు తుడుచుకుంటూ అడిగింది:

"నేను పాసైననా సార్?"

"ఫస్టొచ్చినవమ్మా" అన్నాను.