చెరువు మందు

కైకలూరు దగ్గర రొయ్యలు ఒలిచే షెడ్డులో మంగతాయారుది పన్నెండేళ్ల పని. పొద్దున్నే ఐసు నీళ్లలో నిలబడితే సాయంత్రం దాకా చీర కుచ్చెళ్లు ఆరేవి కావు. ఏడాదిగా ఆమెకు తెల్లబట్ట, దురద. ఎవరికీ చెప్పలేదు. అక్క వెంకటనరసమ్మకూ తెల్లబట్టతోనే మొదలైంది. వేడి చేసిందని మజ్జిగ తాగుతూ కూర్చుంది. గర్భసంచి క్యాన్సరని తేలాక నాలుగు నెలలే బతికింది. తనకూ అదేనేమోనని మంగతాయారు భయం.

ఆమె భర్త సూర్యనారాయణ చేపల చెరువు కాపలాదారు. చేపలకు పుండ్లు పడితే చల్లే ఊదారంగు మందు ఇంట్లోనే ఉండేది. ఆవిడ అదే నీళ్లలో కలిపి రోజూ కడుక్కునేది. మంట పుట్టినా పంటి బిగువున ఓర్చుకునేది.

ఊళ్లో క్యాన్సర్ పరీక్షలు పెట్టిన రోజు, షెడ్డులో పక్కన కూర్చునే వీరరాఘవమ్మ ఆమెను చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. తను మాత్రం బయటే కూర్చుంది. శుభ్రంగా ఉండాలని మంగతాయారు ఆ పొద్దున మందు ఇంకో చిటికెడు ఎక్కువే కలుపుకుంది.

పరీక్ష చేయబోయిన నర్సు షారోన్ ఆగిపోయింది. "ఏం వాడారండీ? లోపలంతా కందిపోయింది."

"చెరువు మందమ్మా. చేపకి మానుద్ది కదా అని."

"మీరు చేప కాదు కదండీ."

మంగతాయారు నవ్వలేదు. "మా అక్కకొచ్చిన క్యాన్సరేనా? దాచకుండా చెప్పమ్మా."

"ఇంత కందిపోతే ఇప్పుడు చెప్పలేనండీ. ఇన్ఫెక్షన్ మాత్రం ఉంది. అది చాలామందికి ఉండేదే. పొద్దుట్నించి చూసిన ఇరవైమందిలో ఏడుగురికి ఉంది. ఇన్ఫెక్షన్ వేరు, క్యాన్సర్ వేరు. మాత్రలిస్తాను, మీ ఆయన కూడా వేసుకోవాలి. నెల తర్వాత మళ్లీ రండి. ఆ చెరువు మందు మాత్రం ముట్టుకోకండి."

మాత్రలు చూసి సూర్యనారాయణ, "నాకేం రోగమే?" అన్నాడు.

"అక్కని చూశారు కదండీ" అందావిడ. ఆయన నీళ్లు తెచ్చుకుని మింగాడు.

నెల గడిచింది. షారోన్ మళ్లీ చూసి, "మీ అక్కకొచ్చింది మీకు లేదండీ" అంది. మంగతాయారు బల్ల మీద నుంచి లేవలేదు. కొంగు నోట్లో కుక్కుకుని అక్క కోసం ఏడ్చింది.

మర్నాడు షెడ్డులో, "ఎవరికైనా తెల్లబట్ట అవుతుంటే నాలాగా చెరువు మందుతో కడుక్కుంటూ దాచుకోకండర్రా, పరీక్షకి నేను తీసుకెళ్తాను" అంది. అందరి చేతులూ ఆగాయి. వీరరాఘవమ్మ తల ఎత్తకుండానే, "ఆ చెరువు మందు నేనూ వాడుతున్నానే" అంది.