దొరబాబు చేలో పూసిన లక్ష్మి

దొరబాబు నా దగ్గర ఏడో తరగతి రెండుసార్లు చదివాడు. రెండుసార్లూ అవే తప్పులు వ్రాశాడు. అతని నిలకడ అప్పుడే బయటపడింది.

రావులపాలెం దిగువనున్న మా ఊళ్ళో, 2007 సార్వాలో వరి పంటకు మానిపండు తెగులు సోకింది. గింజ ఉండవలసిన చోట పచ్చని బూజు ఉండ కట్టి, నల్లబడి, పొడిగా రాలుతుంది. దానిలో విషముంటుంది. ఇంతటి రోగానికి అంత తీయని పేరు పెట్టిన పెద్దలను తలచుకొంటే నాకు ఇప్పటికీ ముచ్చటే. వెనుకటి రోజుల్లో ఇటువంటి మాట ఒక్కటి దొరికితే గంటసేపు పాఠం చెప్పేవాణ్ణి. వెనుక బల్లపై దొరబాబు నిద్రపోయేవాడు.

ఇప్పుడు మేలుకొన్నాడు. "మా చేలో లక్ష్మి పూసిందండి మేష్టారూ!" అని ఊరంతా చాటాడు. ఈ తెగులు కనిపించిన ఏడు పంట విరగపండుతుందని పాతవారి నమ్మకం; అందుకే దాన్ని లక్ష్మి అంటారు.

ఆ బూజు విషాన్ని ఎలా తయారుచేస్తుందో తెలుసుకోవడానికి, దాని జన్యుక్రమాన్ని మొదటినుంచి చివరిదాకా చదవాలని లావణ్య అనే శాస్త్రవేత్త వచ్చింది. బ్రతికున్న ఉండలు కావాలంది.

"ఆ బూజుకి నా పేరే వేస్తారాండీ?" అన్నాడు దొరబాబు.

"ఏ చేలోది మా దగ్గర పెరిగితే ఆ రైతు పేరేనండి."

ఆనాటినుంచి అతనికి నిద్ర లేదు. తెగులు కంకులను కుచ్చుగా కోసి, పసుపు దట్టంగా పూసి, సాంబ్రాణి పట్టి అప్పగించాడు.

"పసుపెందుకండీ?" అని నివ్వెరపోయిందామె.

"లక్ష్మి గడప దాటుతుంటే ఉత్తినే పంపుతామేంటండీ!"

అది పెరగలేదు. గట్టు అవతలి వెంకన్న చేలోది పెరిగింది. అతని పేరే ఖాయమైంది.

"మా బూజుకి పూజలు తెలీవండి, అందుకే బతికింది," అన్నాడు వెంకన్న.

దొరబాబు పౌరుషం పొంగింది. మరుసటి సార్వాకు ఆ తెగులు కంకుల గింజలనే విత్తి, తెగులు ఇంకా ముదరాలని మోతాదు మించి యూరియా పోశాడు. వానలు తోడయ్యాయి. చేనంతా ఉండలే. వెంకన్నకు కృతజ్ఞత చెప్పడానికి వచ్చిన లావణ్యను గట్టుమీద అడ్డగించాడు.

"చూడండి మేడం! ఎన్ని కావాలంటే అన్ని కోసుకోండి."

"ఇంక అక్కర్లేదండి, చదవడం మొదలైపోయింది. ఈ ధాన్యం కోళ్ళక్కూడా వెయ్యకండి."

ఆ ఏడు దొరబాబు ఇంట బియ్యం కొనుక్కొని తిన్నారు. అయినా గుమ్మానికి వ్రేలాడే నల్లని కుచ్చును వచ్చినవారికల్లా చూపేవాడు:

"వెంకన్నది ఏపాటిదండీ? అసలు తెగులంటే మాది!"