గోడమీది ఎర్ర తివాచీ

నా చిన్నప్పుడు మా తాతయ్యను మించిన మంచివాడు ఉండడని నమ్మేదాన్ని. ఆయన పటాన్‌చెరు బడిలో పంతులు. పాత తివాచీలంటే పిచ్చి. మధ్య ఆసియాలో చేత్తో నేసినవి, ఎప్పుడో నిజాం కాలంలో ఇటు చేరి పాత ఇళ్ళలో మూలపడి ఉంటే వెతికి తెచ్చేవాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తివాచీ తిరగేసి చూడటం నేర్పాడు. వెనకవైపు కూడా పువ్వు స్పష్టంగా కనిపిస్తే అది ఒక్కొక్క ముడీ వేసి నేసినదని చెప్పేవాడు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక ఆదివారం దగ్గర్లోని లక్డారం అనే ఊరికి తీసుకెళ్ళాడు. ఒంటరిగా బతికే ఒక ముసలి బీబీ ఇంట్లో ఎర్ర తివాచీ ఉందని ఎవరో చెప్పారట. దారిలో నాతో, "ఆమె తివాచీ పరవంగనే ముక్కు మూసుకో. వాసనొస్తుందను, గంతే" అన్నాడు. అదేదో ఆట అనుకున్నాను.

మేం కూర్చోవాలని బీబీ ఆ తివాచీనే పరిచింది. వాళ్ళ నాయన తెచ్చిందట. దానిమీదే రోజూ నమాజు చేస్తానని చెప్పింది. మోకాళ్ళు ఆనేచోట రెండు మచ్చల్లా అరిగిపోయింది. తాతయ్య అంచు తిరగేశాడు. వెనకా అదే పువ్వు, అంతే స్పష్టంగా ఉంది. తర్వాత నావైపు చూశాడు.

"తాతా, వాసనొస్తుంది" అన్నాను ముక్కు మూసుకుని.

బీబీ ముఖం చిన్నబోయింది. "రోజూ ఎండకేస్త బిడ్డా" అంది.

"పురుగు పట్టింది చెల్లె, దురదలొస్తయి. నేను తీస్కపోయి పారేస్త. నీకు కొత్త జంపఖానా తెచ్చిస్త" అన్నాడు తాతయ్య.

ఆమె తనే చుట్టి ఇచ్చింది. పోతూపోతూ నా చేతిలో రెండు సీతాఫలాలు పెట్టింది.

ఇంటికొచ్చాక తాతయ్య నానమ్మను పిలిచి, ఇది తుర్క్‌మెన్ తెగ ఆడవాళ్ళు గుడారాల్లో నేసిందనీ, ఇలాంటిది తన జన్మలో దొరకలేదనీ చెప్పాడు. ముందుగదిలో గోడకు వేలాడదీశాడు. జంపఖానా మాత్రం మాట ప్రకారం పంపాడు.

కొన్ని నెలలకు బీబీ పటాన్‌చెరు దవాఖానాకు వచ్చి, మమ్మల్ని చూసిపోదామని మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది. చాలాసేపు గోడనే చూసింది. తిట్టలేదు, తిరిగి ఇమ్మనీ అడగలేదు.

"జెర దాన్ని దించి కింద పరువు సారూ. ఒక్క నమాజు చేస్కోని పోత" అంది.

"అది ఇగ తొక్కేది కాదమ్మా" అన్నాడు తాతయ్య.

ఆమె నావైపు తిరిగి మెల్లగా, "ఇప్పుడు వాసనొస్తలేదా బిడ్డా?" అని అడిగింది. నేను నానమ్మ చాటుకు పోయాను.

తాతయ్య పోయాక ఆ తివాచీ తీసుకుని లక్డారం వెళ్ళాను. అప్పటికి బీబీ లేదు, ఆమె తరఫువాళ్ళూ లేరు. ఆ ఇల్లున్న చోట ఏదో మందుల కంపెనీ గోదాము కట్టారు. తివాచీ మళ్ళీ మా ఇంటికే వచ్చింది. పరవబుద్ధి కాదు, అమ్మబుద్ధి కాదు.

చిన్నపిల్లవు, నీ తప్పేముంది, నీతో ఆయన చెప్పించాడు అంటారు మావాళ్ళు. నిజమే కావచ్చు. కానీ ఆ రోజు తిరుగు బస్సులో తాతయ్య నన్ను దగ్గరికి తీసుకుని నా అంత తెలివైన పిల్ల లేదన్నప్పుడు, ఇల్లు చేరేదాకా నేను నవ్వుతూనే ఉన్నాను. అబద్ధం ఆయనదే. ఆ సంతోషం మాత్రం నాది.