ఆరు శ్రుతిలో ఏడుపు

మా ఆయనకు బొగ్గుబాయి ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం రావడంతో నేను కరీంనగర్ నుంచి గోదావరి దాటి ఆదిలాబాద్ జిల్లాలోకి కాపురానికి వెళ్ళాను. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో సంగతి. ఆ ఊళ్ళో బొగ్గు తర్వాత అంత దట్టంగా ఉన్నది అక్కడి పెద్ద ఆఫీసరు గారి సంగీత జ్ఞానమే.

ఆయన బంగళాలో ఒక గ్రామఫోను, ఒక సంగీత నాటకం పూర్తి రికార్డుల సెట్టు ఉండేవి. ప్రతి ఆదివారం క్లబ్బు సభ్యులను కూర్చోబెట్టి వినిపించేవాడు. వింటున్నంతసేపు ఎవరూ మాట్లాడకూడదు, దగ్గకూడదు. బాయిలో దుమ్ము మింగి వచ్చినవాళ్ళను దగ్గవద్దనడం కూడా ఆయన దృష్టిలో సంగీత సేవే. పాట అయ్యాక కళ్ళు సగం తెరిచి, "లయ చూశారా? భావం చూశారా?" అని అడిగేవాడు. అందరూ చూశామనేవాళ్ళు. ఆయన సంతకం లేనిదే ఎవరికీ సెలవు దొరకదు మరి.

మా బాపు భజన మండలిలో హార్మోనియం వాయించేవాడు. నాకూ నేర్పాడు. అందువల్ల మా ఆయన వెంట వెళ్ళి మొదటిసారి విన్నప్పుడే నాకు రెండు సంగతులు వింతగా తోచాయి. యుద్ధానికి వెళ్ళి చనిపోయిన భర్త కోసం రాణి ఏడ్చే పాట అది. రాగం ముఖారి, ఏడుపుకు పెట్టింది పేరు. కానీ ఆ రాణి రైలు తప్పిపోతుందన్నట్టు ఉరుకుతూ ఏడుస్తోంది. ఇక పాట చివర రికార్డు కంపెనీ పేరు చెప్పే మగమనిషి గొంతు వింటే, ఆయనకు ఇంకా మీసాలు మొలిచినట్టు లేదు.

ఇంటికి వచ్చి మా ఆయనతో అన్నాను. "గా మిషన్ మస్తు ఉరుకుతున్నది. గందుకే శ్రుతి లేచింది."

"నువ్వు జర ఊకో. నా పర్మనెంటు ఆర్డరు ఇంక రాలే," అన్నాడు.

ఆ ఏడు క్లబ్బు వార్షికోత్సవానికి అదే నాటకం వేయాలని ఆఫీసరు హుకుం జారీ చేశాడు. ఆఫీసర్ల భార్యలు వేషం కడితే పరువు పోతుంది. గుమాస్తా భార్యకు ఆ ఇబ్బంది లేదు కనుక రాణి వేషం నాకు వచ్చింది. నన్ను గ్రామఫోను పక్కన నిలబెట్టి, దానితో కలిపి పాడించేవాడు. ఐదు శ్రుతి దాటితే నా గొంతు కీచుమంటుంది. రికార్డు అంతకన్నా పైన, ఆరులో ఉంది. "ఆవిడకు వచ్చింది, నీకెందుకు రాదు?" అనేవాడు. కొన్నాళ్ళకు నా గొంతు బొంగురుపోయి మాట కూడా రాని స్థితికి వచ్చింది.

అప్పుడు ఆఫీసరు రాణి వేషానికి రికార్డులో పాడిన ఆమెనే పిలిపిద్దామన్నాడు. ఆమె నాటకాలు మానేసి ధర్మపురిలో ఉంటోందని ఎవరో చెప్పారు. మనిషిని పంపి, నావ దాటించి, జీపులో తీసుకువచ్చారు. యాభై దాటిన మనిషి, నేత చీర, నోట్లో పాన్. నాటకాలామె బంగళాలో దిగితే బాగుండదని మా క్వార్టర్లో దింపారు. రసికత వసారా వరకేనన్నమాట.

మర్నాడు బంగళాలో క్లబ్బువాళ్ళందరి ముందు ఆమెను కూర్చోబెట్టి రికార్డు వేశాడు. ఆమె చివరిదాకా విన్నది.

"పాట మంచిగనే ఉన్నది దొరా. గీ పిల్ల ఎవరు?"

"అదేమిటండీ, మీరే కదా."

"నేను ఐదుల పాడిన. గీమె ఆరుల పాడుతున్నది. మొగడు సచ్చినామె గింత జల్ది ఏడ్వది దొరా. మీ మిషన్ స్క్రూ జర ఎనుకకు తిప్పుండ్రి."

ఆయన జాలిగా నవ్వాడు. "ఇది ఫారిన్ మిషనండీ, పొరపాటు రాదు. వయసు మీద పడితే ఎవరికైనా శ్రుతి దిగుతుంది, లయ మందగిస్తుంది. మీరు బాధపడకండి."

క్లబ్బువాళ్ళు తలలూపారు. తన పాట తనకు తెలియదని ఒక మనిషికి ముఖం మీదే చెప్పి, ఆ పైన ఓదార్చగలిగిన ఘనుణ్ణి నేను అంతకు ముందు చూడలేదు.

ఆమెకు కోపం రాలేదు. క్వార్టర్‌కు వచ్చాక నా హార్మోనియం ముందుకు లాక్కుని నెమ్మదిగా ఆ పాట పాడింది. అప్పుడు గానీ అది ముఖారి అని నా చెవికి నమ్మకం కలగలేదు. రెండో చరణం మధ్యలో ఆపేసి గుమ్మం వైపు చూసింది.

"గీడ ఆగాలె బిడ్డా. ఆమె ఇంక ఏడుస్తలేదు. ఆయన వస్తడేమోనని చూస్తున్నది. రాడని తెలిసినంక ఏడుస్తది."

నాటకం రోజు ఆరు శ్రుతి తప్ప వేరేది పట్టవద్దని హార్మోనిస్టుకు ఆఫీసరు గట్టిగా చెప్పి పెట్టాడు. ఆమె స్టేజీ మీదికి వచ్చి, ఆ శ్రుతి విని, నేరుగా అతని దగ్గరికి నడిచి హార్మోనియం తిత్తి మూసేసింది. ఉట్టి గొంతుతో పాడింది. నేల మీద కూర్చున్న బాయి కార్మికులు, వాళ్ళ ఆడవాళ్ళు కదలలేదు. ఆగవలసిన చోట ఆమె ఆగింది. కిందటేడు బాయిలో పైకప్పు కూలి భర్తను పోగొట్టుకున్న ఒకామె నా పక్కనే ఉంది. పైకప్పు కూలిన రోజు ఆమె కూడా అలాగే బాయి ముందు నిలబడి చూసింది. ఇప్పుడు కొంగు ముఖం మీదికి లాక్కుంది.

ముందు వరసలో ఆఫీసరు కుర్చీ చెయ్యి మీద రికార్డు వేగంలో తాళం వేస్తున్నాడు. ఆమె కంటే ముందే పాట ముగించేసి, ఫైలు ఆలస్యం చేసే గుమాస్తా వైపు చూసినట్టు చూస్తూ కూర్చున్నాడు. చివర్లో లేచి, ఈ వయసులోనూ ప్రయత్నించినందుకు ఆమెను అభినందించాలంటూ శాలువా కప్పాడు.

పొద్దున వెళ్ళేటప్పుడు ఆమె దాన్ని మా ఇంట్లోనే వదిలేసింది. "గా మిషన్ మీద కప్పుమను. ఉరికి ఉరికి చెమటపట్టి ఉంటది, సలి పెడ్తదేమో," అన్నది.

తర్వాత మధ్యాహ్నాలు కాలనీ ఆడవాళ్ళు మా ఇంటికి వచ్చి ఆ పాట పాడమనేవాళ్ళు. నా గొంతుకు తగినట్టు నాలుగున్నరలో, ఆగే చోట ఆగి పాడేదాన్ని. మరుసటి ఏడు క్లబ్బులో పాడమని ఆఫీసరు కబురు పెడితే, గొంతు బాగాలేదని చెప్పించాను. ఆయన వెంటనే నమ్మాడు. ఆయన లెక్కలో నా గొంతు ఎప్పుడు బాగుంది గనుక.