నానబెట్టని ఉలవలు

మొన్న మా బళ్ళో నా పరువు ఎంత చప్పుడు చేసుకుంటూ పోయిందో వినండి! రోజూ పిల్లలకి నీతికథలు చెప్పేవాణ్ణి కదా, ఈసారి కథలో మూర్ఖుడి వేషం నాకే వచ్చింది.

ఈమధ్య ఎవరి ఫోన్ చూసినా ప్రోటీన్ గోలే. ఓ వీడియోలో నల్ల బనియన్ వేసుకున్న కుర్రాడొకడు కండలు బిగించి, "పప్పులు నానబెట్టి ఆ నీళ్ళు పారబోస్తే బలమంతా కాలవలో పోసినట్టే బ్రో!" అన్నాడు. వాడి వయసంతా కలిపినా నా సర్వీసంత ఉండదు. అయినా నమ్మాను. బీఎస్సీ, బీఎడ్ చదివిన బుర్ర మరి!

ఆ రోజు నాది మోడల్ క్లాసు. ఎం.ఈ.ఓ. గారు, పక్క ఊళ్ళ టీచర్లు వచ్చి చూస్తారు. నచ్చితే గుంటూరులో టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చే పని నాకు దక్కుతుంది. ఎన్నాళ్ళనుంచో ఉన్న కోరిక. హుషారుగా కనబడొద్దూ! పొద్దున్నే గేదె దాణా డబ్బాలోంచి ఉలవలు తీసి కుక్కర్లో పడేశాను.

మా ఆవిడ పద్మ పాలు పితుకుతూనే కేకేసింది. "ఏవండీ, అవి రాత్రే నానెయ్యాలి! ఆ నీళ్ళు వంపేసి, వేళ్ళ మధ్య నలిగేదాకా ఉడికించి, అల్లం, జీలకర్ర, ఇంగువ వేస్తేనే మనిషి కడుపుకి పడతాయి. లేకపోతే ఒట్టి గాలే!"

"అదంతా పాతకాలం చాదస్తం. సైన్సు తెలియనివాళ్ళ మాట."

"సరే సైన్సు గారూ! గేదెక్కూడా నేను నానేసే పెడతాను. ఆపైన మీ ఇష్టం."

నాలుగు విజిల్స్ రాగానే దించేశాను. పంటి కింద గులకరాళ్ళు! ఉల్లిపాయ, నిమ్మరసం, మన గుంటూరు కారం దట్టించి, గిన్నెడూ నమిలి మింగాను. గేదె ఇంకా పరగడుపునే ఉంది, నా వైపే చూస్తోంది.

ఇంతకీ ఆ రోజు పాఠం ఏమిటో తెలుసా? ధ్వని!

"పిల్లలూ, ఇప్పుడీ శృతిదండాన్ని కొడతాను. ఊపిరి బిగబట్టి వినండి," అన్నాను. క్లాసంతా నిశ్శబ్దం. వెనక వరసలో ఎం.ఈ.ఓ. గారు కూడా చెవి ఒగ్గారు. నేను దండం ఎత్తానో లేదో, నా పొట్టలో ట్రాక్టర్ స్టార్టయింది.

కిటికీ వైపు కోపంగా చూశాను. "ఎవడ్రా బయట బోరింగు కొడుతోంది?"

"ఎవరూ లేరు సార్. మీ దగ్గర్నుంచే!" అంది ముందు బెంచీ లక్ష్మి. నిజమే చెప్పాలని వీళ్ళకి కథలు చెప్పి చెప్పి నేర్పింది నేనే!

దండం కొట్టాను. దాని శబ్దం ఎవరికి వినబడింది గనక! ట్రాక్టర్ గేరు మార్చింది, కడుపులో మెలి తిప్పింది. "ఒక్క నిమిషం సార్," అని దండం బల్లమీద పడేసి పరుగు లంకించుకున్నాను. వెనకనుంచి ఎం.ఈ.ఓ. గారి గొంతు: "చూశారా పిల్లలూ, ధ్వని ఎలా ప్రయాణిస్తుందో!"

ఆ ఒక్క నిమిషం పీరియడ్ అయ్యేదాకా సాగింది. నా పాఠాన్ని పక్క ఊరి మేస్టారు పూర్తిచేశాడు. గుంటూరు ట్రైనింగు కూడా ఆయనకే పోయింది. పొద్దున ఏం తిన్నావయ్యా అంటే, రెండిడ్లీలట. ప్రోటీన్ సంగతే తెలియదు, అమాయకుడు!

సాయంత్రం పద్మ వాము నీళ్ళు ఇచ్చి, నా కళ్ళెదురుగానే ఉలవలు నానేసింది. మర్నాడు మెత్తగా ఉడికించి, అల్లం ఇంగువ పోపుతో పెడితే వెన్నలా దిగిపోయాయి. పొట్ట కిక్కురుమనలేదు. పద్మ నన్ను ఏమీ అనలేదు గానీ, పాలు పోయించుకోవడానికి వచ్చిన ప్రతి ఇల్లాలికీ నా కథ పూసగుచ్చినట్టు చెప్పేసింది.

ఇవాళ క్లాసులో, తొందరపడి పరువు పోగొట్టుకున్న నక్క కథ చెప్పాను. అలవాటుకొద్దీ చివర అడిగాను. "అయితే పిల్లలూ, ఇందులో నీతి ఏమిటి?"

క్లాసంతా ఒక్క గొంతుతో అరిచింది.

"ముందు రోజు రాత్రే నానబెట్టాలి సార్!"